పత్రం నెగ్గింది, పైకం ఏదీ?

చిలుకూరు బాలాజీని గురించి వినని తెలుగు కుటుంబం ఉండదేమో. మొయినాబాదు మండలంలో, గండిపేట చెరువుకు దాపున ఉన్న ఆ గుడికి విదేశ ప్రయాణం తలపెట్టినవాళ్ళు వచ్చి 11 ప్రదక్షిణాలు చేస్తారు. కోరిక నెరవేరితే మళ్ళీ వచ్చి 108 చేస్తారు. లెక్క తప్పకుండా చేతిలో కాగితం పట్టుకుని, ఒక్కొక్క గడీ కొట్టేసుకుంటూ తిరుగుతారు. అందుకే ఆయనకు "వీసా బాలాజీ" అని ముద్దుపేరు వచ్చింది. ఇంకొక విశేషం ఏమంటే, ఆ గుడిలో హుండీ లేదు. భక్తుడి దగ్గర దమ్మిడీ అడగడు ఆ దేవుడు.

అడగనివాడు ఆయన ఒక్కడే. తక్కినవాళ్ళందరూ అడుగుతారు. విమానం కంపెనీ అడుగుతుంది, బస ఇచ్చేవాళ్ళు అడుగుతారు. ఆఖరుకు మన పిల్ల రాసిన పరిశోధన పత్రం బాగున్నదని మెచ్చుకుని, "వచ్చి చదవండి" అని పిలిచిన సభవాళ్ళు కూడా ముందు రుసుము కట్టమంటారు! నేను చెప్పబోయేది ఈ ఆఖరి చిక్కును గురించే.

ఈ గుడి చుట్టుపక్కలనే ఇంజనీరింగు కళాశాలలు వెలిశాయి. అజీజ్‌నగర్‌లో విద్యాజ్యోతి, చిలుకూరులో కె.జి. రెడ్డి, యెంకేపల్లిలో జోగినపల్లి బి.ఆర్. కళాశాలలు ఉన్నాయి. పొద్దున పూట మెహదీపట్నం వైపు నుంచి వచ్చే కాలేజీ బస్సులూ, చేవెళ్ళ వైపు నుంచి కూరగాయల బుట్టలతో పట్నం పోయే బండ్లూ ఒకే రోడ్డు మీద ఎదురవుతాయి. నేను చేవెళ్ళలో కాపురం ఉంటూ, ఈ బాటలోనే ఇరవై ఏళ్ళు ఎలక్ట్రానిక్సు పాఠాలు చెప్పి విరమించినవాణ్ణి. కాబట్టి ఈ పిల్లల కష్టసుఖాలు నాకు కొంత తెలుసును.

పది నిమిషాల కోసం ఇంత దూరమా?

2023 వేసవిలో మూడవ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చేవెళ్ళ పక్క పల్లె. తండ్రి రెండెకరాల్లో క్యారెట్టూ టమాటా వేస్తాడు. బిందుసేద్యం గొట్టాలు మట్టి పట్టి ఎక్కడ మూసుకుపోయాయో, నీటి ఒత్తిడిలో వచ్చే తేడాను బట్టి కనిపెట్టే చిన్న పరికరం ఒకటి ఆ పిల్ల తయారుచేసింది. తండ్రి చేనే దానికి ప్రయోగశాల. ఆ పనిని గురించి రాసిన పత్రాన్ని సింగపూరులో జరిగే ఒక సదస్సువారు అంగీకరించారు. పద్ధెనిమిది రోజుల్లో రిజిస్ట్రేషను రుసుము కట్టాలి. కట్టకపోతే పత్రం సంపుటంలో చేరదు. అంగీకారం అంతా గాలికి పోయినట్టే.

తండ్రి కూడా వెంట వచ్చాడు. ఆయన అడిగిన ప్రశ్న చాలా సబబైనది.

"గాడ సదివేది పది నిమిషాలేనట గద సార్! దానికింత దూరం పోవుడెందుకు? ఫోన్ల చెప్తె వినరా?"

ఈ ప్రశ్న చదువుకున్న తల్లిదండ్రులు కూడా అడుగుతారు. అందువల్ల జవాబు కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. సదస్సులో చదివేది పది, పదిహేను నిమిషాలే. కాని అసలు పని జరిగేది చదవడం అయిన తరువాత. అదే సమస్య మీద వేరొక దేశంలో మూడేళ్ళుగా తంటాలు పడుతున్నవాడు లేచి ప్రశ్న వేస్తాడు. కాఫీ తాగేచోట ఒక ప్రొఫెసరు, "ఇది మేమూ చేశాము, ఇక్కడ దెబ్బతిన్నాము" అని చెబుతాడు. పుస్తకంలో గెలిచిన సంగతులే అచ్చవుతాయి. ఓడిన సంగతులు మనిషి నోటనే వినాలి. పైగా కంప్యూటరు శాస్త్రంవంటి విద్యల్లో పత్రికలకంటె పెద్ద సదస్సుల్లో వచ్చిన పత్రానికే ఎక్కువ విలువ కట్టడం వాడుక.

నేనీ మాటలు చెప్పినప్పుడు ఆ తండ్రి ఒక్క నిమిషం ఊరుకుని, "అంటే మార్కెట్ల నిలబడి బేరం జేసినట్టు. ఇంట్ల కూసుంటె రేటు తెల్వదు" అన్నాడు. ఇంతకంటె చక్కగా నేను చెప్పలేను.

పూర్వం ప్రయాణాలు చేసినవాళ్ళు

సభకని బయలుదేరిన ప్రయాణం ఎక్కడికి దారితీస్తుందో ఎవరికీ తెలియదు. సి.వి. రామన్ చిన్నతనం విశాఖపట్నంలో గడిచిన సంగతి మనకు తెలుసు. ఆయన మొట్టమొదటిసారి సముద్రం దాటింది 1921లో. ఆక్స్‌ఫర్డులో జరిగిన విశ్వవిద్యాలయాల మహాసభకు కలకత్తా విశ్వవిద్యాలయం ప్రతినిధిగా ఆయన వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో నార్కుండా అనే ఓడ మీద నిలబడి, మధ్యధరా సముద్రపు నీలిరంగు చూసి, ఇది ఆకాశపు నీడేనా లేక నీటి గుణమా అని ఆలోచనలో పడ్డాడు. ఆ ఆలోచన 1928లో రామన్ ఫలితంగానూ, 1930లో నోబెల్ బహుమానంగానూ పండింది. ఆ టిక్కెట్టుకు విశ్వవిద్యాలయం ఒప్పుకోకపోతే ఏమయ్యేదో ఊహించుకోవలసిందే.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టను చేరుకున్నాడు. పైకం ఎక్కడిది? మామగారు కొంత సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయం చేస్తామన్నది. అక్కడికి చేరినాక ఆయన ఆసుపత్రిలో కూలిపని కూడా చేశాడు. ఆయన పేరు తరువాత వైద్యశాస్త్రంలో ఎంత దూరం పోయిందో చెప్పనక్కరలేదు. ఒక ధర్మసత్రం సొమ్ము, ఒక మామగారి చొరవ అందుకు తొలిమెట్టు అయినాయి.

అంతదాకా పోవడం ఎందుకు? మొయినాబాదు పిల్లలు రోజూ చూసే గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల సంగతే చూడండి. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు మునిగినప్పుడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిచింది. ఆ పిలుపు అందేనాటికి ఆయన ఐరోపా పర్యటనలో ఉన్నాడు. అంతకు పదేళ్ళ ముందే, 1898లో, జపాను వెళ్ళి మూడు నెలలు తిరిగి చూసి వచ్చాడు. ఊరికి ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలన్న ఆయన సలహా ఫలితంగా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. నాలుగు దేశాలు చూసిన ఇంజనీరు మన ఇంటి పక్కన ఏమి చేసి పెట్టాడో ఆ నీళ్ళే సాక్ష్యం.

ఖర్చు ఎంత, ఇచ్చేవారు ఎవరు?

మళ్ళీ మా అమ్మాయి దగ్గరికి వద్దాము. కాగితం తీసుకుని లెక్క వేశాము. రానుపోను విమానానికి 31 వేలు. విద్యార్థి రుసుము 26 వేలు. ఇంకొక అమ్మాయితో గది పంచుకుంటే నాలుగు రాత్రుల బసకు 18 వేలు. వీసాకూ బీమాకూ 5 వేలు. తిండికీ, ఊళ్ళో తిరగడానికీ 6 వేలు. వెరసి 86 వేల రూపాయలు. ఆ కుటుంబానికి అది ఒక పంట డబ్బు.

సాయం చేసేవారు లేకపోలేదు. ఇటువంటివాళ్ళను నాలుగు తెగలుగా చెప్పవచ్చును.

మొదటిది ప్రభుత్వం. విదేశాల్లో పత్రం చదివే యువ పరిశోధకులకు విమాన చార్జీవంటివి ఇచ్చే పథకాన్ని సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు నడిపేది. 2023 నాటి చట్టంతో ఆ బోర్డు స్థానంలో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషను వచ్చింది. కాబట్టి పాత కాగితాలు చూసి దరఖాస్తు పెట్టక, ఆనాటికి అమలులో ఉన్న నియమాలు చూసుకోవాలి. సి.ఎస్.ఐ.ఆర్. కూడా ఉద్యోగం లేని యువ పరిశోధకులకు పాక్షికంగా ప్రయాణ ఖర్చు ఇస్తూ వచ్చింది. ఇవి ఎక్కువగా పిహెచ్.డి. చేసేవాళ్ళకు అందుతాయి గాని, బి.టెక్. పిల్లలకు అందడం కష్టం.

రెండవది వృత్తి సంఘాలు. 1963లో రెండు అమెరికా సంఘాలు కలిసి ఏర్పడిన ఐ ట్రిపుల్ ఈ కింద ఉన్న శాఖలు తమ సదస్సులకు వచ్చే విద్యార్థులకు ప్రయాణ వేతనాలు ఇస్తుంటాయి. కంప్యూటరు శాస్త్రం చదివే ఆడపిల్లల కోసం ఎ.సి.ఎం. వారి మహిళా విభాగం ఏర్పరచిన సాయం ఒకటి ఉన్నది. దూరాన్ని బట్టి 600 డాలర్లు గాని, 1,200 డాలర్లు గాని దాని పరిమితి. పత్రం లేకపోయినా, పరిశోధన సదస్సు చూడడానికే వెళ్ళే బి.టెక్. అమ్మాయి కూడా దానికి అర్హురాలే అన్న సంగతి మన కళాశాలల్లో చాలామందికి తెలియదు.

మూడవది సదస్సు నడిపేవాళ్ళే. చాలా సభలకు ప్రత్యేకంగా విద్యార్థి నిధి ఉంటుంది. విద్యార్థి వాలంటీరుగా కొన్ని గంటలు పనిచేస్తే రుసుము మాఫీ చేసే సభలూ ఉన్నాయి. అడిగేవాడు లేక ఇటువంటివి మిగిలిపోవడం నేనెరుగుదును.

నాలుగవది సొంత కళాశాల. కొన్ని చోట్ల రుసుములో కొంత భాగం ఇస్తారు, కొన్ని చోట్ల అభినందన సభ పెట్టి శాలువా కప్పుతారు. శాలువాతో విమానం ఎక్కనివ్వరు గదా!

అసలు ముడి

మా అమ్మాయి దరఖాస్తులు పెట్టింది. సదస్సువారు 400 డాలర్లు మంజూరు చేశారు. మన లెక్కలో 33 వేలు. కళాశాలవారు రుసుములో 15 వేలు ఒప్పుకున్నారు. మొత్తం 48 వేలు. సంతోషించవలసిన సంగతే. కాని మంజూరు ఉత్తరం అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉన్నది. తిరిగి వచ్చిన తరువాత రసీదులూ, బోర్డింగు పాసులూ పంపితేనే పైకం చెల్లిస్తారట.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు పథకం వచ్చిన దగ్గర నుంచి రీయింబర్స్‌మెంటు అన్న మాట మన ఇళ్ళలో చదువురాని అవ్వలకు కూడా నోటికి వచ్చింది. అందులో ఉన్న మెలిక ఇక్కడ తేటతెల్లంగా కనిపిస్తుంది. ముందు పెట్టుకోగలిగినవాడికే తరువాత ఇస్తారు. పెట్టుకోలేనివాడికి మంజూరైన సొమ్ము కూడా అందని ద్రాక్షే. ఒక పిల్ల ప్రతిభ చూసి దానం చేయదలచినవారు, ఆమె తండ్రికి 86 వేలు ఒక్కసారిగా పుడతాయని ముందే అనుకుంటున్నారన్నమాట!

ఆ తల్లి అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నది. "బిడ్డ పెండ్లంటె ఎవ్వలన్న అప్పిస్తరు సార్. కాయితం సదివి రానీకె ఎవలిస్తరు?"

అయినా ఆమె ఊరుకోలేదు. తమ పొదుపు సంఘంలో అడిగి 30 వేలు తెచ్చింది. సంఘంలో ఆడవాళ్ళు ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పిందట. చర్చ జరిగి, బర్రె కొనడానికి ఇచ్చినట్టే దీనికీ ఇవ్వవచ్చునని తీర్మానించారట. తండ్రి 8 వేలు కూడబెట్టాడు. ఇక కావలసింది సరిగ్గా ఆ 48 వేలే, అనగా మంజూరై చేతికి రాని సొమ్ము.

నేను నా మిత్రులను అడిగాను. ఇద్దరు విరమించిన మాస్టర్లు, ఒక మందుల దుకాణం ఆయన, ఉద్యోగాల్లో స్థిరపడిన పాత విద్యార్థులు ఇద్దరు, నేను. తలకు 8 వేలు. దానం కాదు, వడ్డీ లేని చేబదులు. ఆరుగురం ఇచ్చింది 48 వేలయింది. పదిహేడవ రోజున రుసుము కట్టింది అమ్మాయి.

వెళ్ళి వచ్చింది. అక్కడ ఒక పెద్దమనిషి లేచి, "మీ గొట్టంలో బురదనీళ్ళు వస్తే మీ లెక్క తప్పదా?" అని అడిగాడట. తప్పుతుందని ఆ పిల్లకు తెలుసు, ఎందుకంటే వానాకాలం తండ్రి చేలో తప్పింది. ఎన్ని రోజులు తప్పిందో, మళ్ళీ ఎట్లా సరిపోయిందో తడుముకోకుండా చెప్పింది. ఆయన విరామంలో వచ్చి, ఇంకొక చవక మీటరు ఎక్కడ అమర్చాలో గీసి చూపించాడు. ఆ గీత ఉన్న కాగితం రుమాలు ఆమె నోటుబుక్కులో అంటించి ఉంది. కళాశాల పైకం రెండు నెలలకూ, సదస్సు పైకం మూడు నెలలకూ వచ్చాయి. మా ఆరుగురి అప్పూ తీరింది. పొదుపు సంఘం వాయిదాలు తల్లి ఏడాదిలో కట్టేసింది.

తిరిగి వచ్చిన 48 వేలను మేము పంచుకోలేదు. అట్లాగే ఉంచాము. ఆ తరువాత నలుగురు పిల్లలు దాన్ని వాడుకుని తిరిగి జమకట్టారు. ఒక్క అబ్బాయి బోర్డింగు పాసు పారేసుకున్నందువల్ల అతనికి రావలసింది రాలేదు. నెలకు వెయ్యి చొప్పున తీరుస్తున్నాడు.

మోసగాళ్ళు ఉన్నారు, జాగ్రత్త!

తల్లిదండ్రులు మరొక సంగతి తెలుసుకోవాలి. సదస్సు పేరు పెట్టుకున్నదల్లా సదస్సు కాదు. పిల్లల ఆశను సొమ్ము చేసుకునే దుకాణాలు కొన్ని బయలుదేరాయి. వాటి లక్షణాలు ఇవి. పత్రం పంపిన రెండు రోజులకే "అద్భుతం" అని జవాబు వస్తుంది. దిద్దుబాటు ఒక్కటీ ఉండదు. ఇంజనీరింగు, వైద్యం, వాణిజ్యం, యోగం అన్నీ ఒకే సభలో ఉంటాయి. నెలకొక ఊళ్ళో హోటలు గదిలో అదే సభ జరుగుతుంది. వెంటనే పైకం పంపమని తొందర చేస్తారు. ఇటువంటిదానికి అప్పు చేయడం కంటె ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కోవడం మేలు. గత మూడేళ్ళ సంపుటాలు ఎక్కడ అచ్చయినాయి, నిర్ణాయక సంఘంలో ఎవరున్నారు, ఉన్నామన్నవాళ్ళు నిజంగా ఉన్నారా అని ఆరా తీస్తే నిజం బయటపడుతుంది.

అదీగాక ప్రతి సభకూ సముద్రం దాటనక్కరలేదు. పెద్ద పెద్ద ప్రపంచ సభలు మన హైదరాబాదుకే వచ్చాయి. కృత్రిమ మేధ సభ 2007లో, వెబ్ సభ 2011లో, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు సభ 2014లో, మానవ భాషణకు సంబంధించిన ఇంటర్‌స్పీచ్ 2018లో, సంకేత శాస్త్రపు సభ ఐకాస్ 2025 ఏప్రిల్‌లో ఇక్కడే జరిగాయి. వీటికి చేవెళ్ళ నుంచి బస్సు టిక్కెట్టే ప్రయాణ ఖర్చు. మెహదీపట్నంలో దిగి ఇంకొక బస్సు ఎక్కితే సరి. కాని లోపలికి పోవడానికి రుసుము ఉన్నదే! దేశాలు దాటి వచ్చినవాళ్ళు లోపల కూర్చుంటే, బస్సు దూరంలో ఉన్న పిల్లలు పేపర్లో ఫోటో చూసి ఊరుకున్నారు. ప్రయాణ సాయం అంటే విమానం టిక్కెట్టు ఒక్కటే కాదనడానికి ఇంతకంటె వేరే దృష్టాంతం అక్కరలేదు.

చేయవలసిన పనులు

పిల్లలకు నాలుగు మాటలు. మొదటి సంవత్సరంలోనే పాస్‌పోర్టు తీసుకోండి. మామూలు పద్ధతిలో రుసుము 1,500 రూపాయలే. పత్రం ఒప్పుకున్నాక పరుగులు పెట్టడం కంటె అది సులువు. పత్రం పంపేనాడే సాయం దరఖాస్తుల గడువులు రాసిపెట్టుకోండి. చాలా సభల్లో సాయం గడువు ఫలితం వచ్చిన వారం పది రోజుల్లోనే ముగుస్తుంది. దరఖాస్తులో బీదరికం గురించి రెండు పేజీలు రాయకండి. చేసిన పని ఏమిటి, వెళితే ఏమి నేర్చుకుంటారు, ఎంత తక్కువ పడింది, తక్కినది ఎక్కడ నుంచి తెస్తున్నారు అన్నవి ఒక పేజీలో అంకెలతో సహా రాయండి. రసీదులన్నీ ఒక సంచిలో పెట్టండి.

అమ్మలకు ఒక మాట. ఆడపిల్ల ఒంటరిగా ఎట్లా పోతుందని మీ భయం. సభకు వెళ్ళే తక్కిన విద్యార్థినుల పేర్లు నిర్వాహకులను అడిగి, గది పంచుకునేటట్టు ముందే ఏర్పాటు చేసుకోవచ్చును. భయమూ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

ఇక కళాశాలల యాజమాన్యాలకూ, స్థిరపడిన పాత విద్యార్థులకూ నా మనవి. మీరు పెద్ద దానాలు చేయనక్కరలేదు. కావలసింది ముందు చేతికి వచ్చే పైకం. లక్ష రూపాయలు ఒకచోట ఉంచి, మంజూరు ఉత్తరం చూసి ఇచ్చి, వచ్చినాక జమ చేసుకుంటూపోతే, ఆ లక్ష అరిగిపోకుండా ఏటేటా కొందరిని పంపుతుంది. మన ఆడవాళ్ళు పొదుపు సంఘాల్లో చేస్తున్నదీ, మనం చిట్టీల్లో చేస్తున్నదీ ఇదే గదా.

ప్రతి సంవత్సరం సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినం అని విశ్వేశ్వరయ్య పటానికి దండ వేసి, షామియానా కట్టి, ఉపన్యాసాలు చెప్పించుకుంటున్నాము. వచ్చే సెప్టెంబరులో షామియానా కొంచెం చిన్నది వేసి, మిగిలిన సొమ్ముతో అటువంటి నిధికి ఖాతా తెరిస్తే, జపాను దాకా పోయి చూసి వచ్చిన ఆ పెద్దాయన కాదంటాడని నేననుకోను.